పాముల నేస్తాలకు మొవ్వ సీమ మంగళాశీస్సులు

మువ్వగోపాలుడి ఊరి నుంచి, కూచిపూడి గజ్జెల చప్పుడు వినవచ్చే పొలాల నుంచి, బందరు, గుడివాడ, అవనిగడ్డ దారుల్లో వేళకాని వేళ చేనికి నీళ్ళు పెట్టి వచ్చే రైతులందరి తరఫున, హైదరాబాదులోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ముప్ఫై ఏళ్ళ పండగ శుభాకాంక్షలు. 1995లో పుట్టిన ఆ సంఘం 2025తో మూడు దశాబ్దాలు నిండించుకుంది. గుళ్ళకూ బళ్ళకూ సహకార సంఘాలకూ నాటక సమాజాలకూ వార్షికోత్సవాలు చేయడం మనకు అలవాటే. దెబ్బతిన్న పామును బతికించే సంఘానికి ముప్ఫై ఏళ్ళ పండగ చేసే అదృష్టం మాత్రం తెలుగునాట ఇన్నాళ్ళకు వచ్చింది. ఆ పండగకు డెల్టా నుంచి ఒక దండ వెళ్ళకపోతే బాగుండదు.

అంత దూరాన ఉన్న నగరంలోని సంఘానికి ఇక్కడినుంచి ఇంత ఉత్సాహం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. మా ఊరి దైవం వేణుగోపాలస్వామి. ఆయన చిన్ననాటి ఘనకార్యాల్లో కాళీయమర్దనం ఒకటి. పడగల మీదకెక్కి తొక్కిన ముచ్చట అందరూ చెప్పుకుంటారు, నర్తకులు ఆడి చూపిస్తారు. ఆ తర్వాత జరిగింది మాత్రం చప్పట్ల హడావిడిలో జారిపోతుంది. కృష్ణుడు కాళీయుణ్ణి చంపలేదు. ఆలుబిడ్డలతో సహా మడుగు ఖాళీ చేయించి, సముద్రంలోని రమణకద్వీపానికి సాగనంపాడు. రేపల్లెకు నీళ్ళు దక్కాయి, పాముకు ప్రాణం దక్కింది. లొంగదీయడం, ఎవరికీ హాని లేకుండా తీసుకెళ్ళడం, తగిన చోట వదలడం అనే ఆ పనినే మూడు దశాబ్దాలుగా ఈ మిత్రులు వృత్తి ఉద్యోగాల మధ్య తీరిక చేసుకుని చేస్తున్నారు. మహాభారతం తొలి పుటల్లోనే జనమేజయుడి సర్పయాగం ఉంది. దాన్ని ఆపించినవాడు ఆయుధం పట్టని ఆస్తీకుడనే కుర్రవాడు. నన్నయను చదువుకున్న జాతి ఆస్తీకుడి వారసులను గౌరవించడానికి వెనుకాడకూడదు.

అయితే దండం పెట్టే చేతిలోనే కర్ర కూడా ఉంటుంది మనకు. కార్తీకంలో నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు నైవేద్యం పెట్టి, పిల్లలచేత చిచ్చుబుడ్లు కాల్పించి ఇంటికి వస్తాం. మర్నాడు గడ్డివామి కింద అదే నాగుపాము కనబడితే వీధి వీధంతా కర్రలతో పరిగెత్తుతుంది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కు తీర్చుకుని వచ్చే దారిలో బండి చక్రం కింద జెర్రిపోతు నలిగితే వెనక్కి తిరిగి చూడం. ఈ భయం ఉత్తది కాదు. రక్తపింజర ఎండుటాకుల రంగులో గట్టు మీద చుట్టచుట్టుకుని పడుకుంటే కోతకు వంగిన కూలీ కంటికి ఆనదు. 2018 వానాకాలంలో అవనిగడ్డ చుట్టుపక్కల ఒకదాని వెంట ఒకటి పాముకాట్లు జరిగి దివిసీమ వణికిపోయింది. ఆ ఆగస్టులో మోపిదేవి స్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. యాగం చేయించినవారి భక్తిని కాదనం. ఆసుపత్రిలో విరుగుడు ఇంజక్షన్లు, రైతు చేతిలో టార్చిలైటు, కాళ్ళకు బూట్లు, పామును ప్రాణంతో పట్టుకుపోగల నలుగురు మనుషులు కూడా ఉంటే శాంతి ఇంకాస్త త్వరగా వస్తుందని మాత్రం అంటాం.

అలాంటి నలుగురు ఎలా తయారవుతారో హైదరాబాదు చూపించింది. సంఘం మొదలైన 1995 సంవత్సరంలోనే, జులై 31న, దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ జరిగింది. ఫోను ఇంకా జేబుల్లోకి రాని ఆ రోజుల్లో ఇంట్లోకి పాము వస్తే ఎవరికి చెప్పాలో నగరవాసికి తెలియదు. పాములవాణ్ణి వెతికి తేవాలి, లేదా పక్కింటి ధైర్యవంతుడు దుడ్డుకర్ర తీయాలి. చంపకండి, కబురు పెట్టండి, మేమొచ్చి తీసుకెళ్తాం అని కొందరు పాముల ప్రియులు సంఘం కట్టుకుని చెప్పినప్పుడు నవ్వినవాళ్ళు ఎందరో, నమ్మినవాళ్ళు ఎందరో ఊహించుకోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పటికే ఉంది. పామును చంపడం, పట్టి ఆడించడం నేరమని దాని కిందనే తేలిపోయింది. చట్టానికి ఇంటి గడప దాకా నడిచి వచ్చే కాళ్ళు మాత్రం ఇలాంటి సంఘాలే ఇచ్చాయి.

ఆ తరవాతి ఏళ్ళు ఎంత వేగంగా పరిగెత్తాయి! 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2007లో చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నీ కలిసి గ్రేటర్ హైదరాబాదు అయ్యాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు నగరం చుట్టూ మొలతాడు కట్టింది. కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళగుట్టలు పగిలాయి, చెరువు శిఖాల్లో అపార్టుమెంట్లు లేచాయి, పుట్టలున్న చోట పునాదులు పడ్డాయి. పాము ఇంటికి మనిషి వెళ్ళి కాపురం పెట్టి, పాము తన ఇంటికి వచ్చిందని ఫోను చేసే కాలం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయింది. 2020 అక్టోబరు వరదల్లో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. అలాంటి వేళల్లో మనుషులు మేడలెక్కితే పాములూ మెట్లెక్కుతాయి. ఎన్ని మారినా ఒకటి మారలేదు: ఫోను మోగితే ఎత్తే గొంతు, అడ్రసు కనుక్కుని బయల్దేరే బండి. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన దళం ఈనాడు వంద దాటింది. సాఫ్ట్‌వేరు ఉద్యోగులున్నారు, విద్యార్థులున్నారు, వ్యాపారులున్నారు, ఆడపిల్లలున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదికి పదివేలకు పైగా పాములను వీళ్ళు ప్రాణాలతో పట్టి తీసుకెళ్తున్నారు. వాటిలో దాదాపు సగం నాగుపాములే. పదివేల పాములంటే పదివేలసార్లు ఒక ఇంట్లో భయం తగ్గి, కర్ర మూలకు చేరిందన్నమాట. ఇందులో ఏ ఒక్కసారి చెయ్యి జారినా ఒక ప్రాణం పోయేది, అది పాముదో మనిషిదో చెప్పలేం.

పని ఎలా జరుగుతుందో చూసినవారికి అందులోని అందం తెలుస్తుంది. తోక పట్టి గాలిలో ఊపడం, పడగ ముందు చెయ్యి ఆడించడం ఇక్కడ ఉండవు. చివర వంకర ఉన్న ఇనుప కడ్డీ ఒకటి, పొడవాటి గుడ్డసంచి ఒకటి, ఆ సంచి మూతికి బిగించిన ప్లాస్టిక్ గొట్టం ఒకటి. పాము ఎప్పుడూ చీకటి బొరియ కోసమే వెతుకుతుంది గనక గొట్టాన్ని గోడవారగా పెట్టి, కడ్డీతో మెల్లగా దారి చూపిస్తే దానంతట అదే లోపలికి దూరి సంచిలోకి జారిపోతుంది. మెడ నొక్కక్కర్లేదు, ఎముక విరగదు. నాలుగు నిమిషాల్లో అయిపోయే ఆ పని చూడడానికి వచ్చిన జనం కొంచెం నిరుత్సాహపడతారని విన్నాం. ఆ నిరుత్సాహమే వీళ్ళ నైపుణ్యానికి యోగ్యతాపత్రం. నాగుపామును ముద్దుపెట్టుకుంటూ వీడియోలు తీసుకునే వీరులు మన ఊళ్ళల్లోనూ పెరుగుతున్నారు. వాళ్ళలో కొందరి పేర్లు మర్నాటి పేపర్లో మరో శీర్షిక కింద కనబడుతున్నాయి గనక ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఈ సంఘం చేస్తున్న పనులన్నిటిలోకీ మేము చేతులెత్తి మొక్కేది మాత్రం శ్రావణమాసంలో జరిగేదానికి. తెలంగాణలో నాగపంచమి పెద్ద పండగ. పండగకు కొన్ని వారాల ముందే పాములవాళ్ళు నాగుపాములను పట్టి తెస్తారు. కోరలు పీకుతారు, విషగ్రంథులు కోస్తారు, కొన్నిటికి నోరే దారంతో కుట్టేస్తారు. తిండీ నీళ్ళూ లేకుండా బుట్టలో మాడుస్తారు. దాహంతో అల్లాడే ఆ పాము పండగనాడు పాలగిన్నెలో మూతి పెడితే, స్వామి పాలు తాగాడని భక్తులు కళ్ళకద్దుకుంటారు. పాలు పాముకు అరగవు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే చావే. పైన చల్లిన పసుపు కుంకాలు కళ్ళలో పడి మండుతాయి. ఏటా ఆ రోజుల్లో అటవీశాఖ వారితో కలిసి ఈ మిత్రులు నగరమంతా తిరిగి ఆ బుట్టలు విప్పిస్తారు.

అసలు సేవ అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఎండిపోయిన ప్రాణికి ముందు నీళ్ళు, సెలైను. తిండి మాట తరవాత. పెదవుల కుట్లు ఒక్కొక్కటీ కత్తిరించాలి. చీము పట్టిన చిగుళ్ళు కడిగి మందు రాయాలి. పాము వెచ్చదనంతో బతికే ప్రాణి, చలిలో దాని పుండు మానదు, మందు ఒంటపట్టదు; అందుకని వెచ్చగా ఉంచాలి. పీకేసిన కోరల స్థానంలో కొత్త కోరలు రావడం పాముకు ప్రకృతి ఇచ్చిన వరం. విషగ్రంథి కోసేస్తే మాత్రం ఆ వరం పనిచేయదు. వేటాడి పొట్ట నింపుకునే దారి దానికి మూసుకుపోయినట్టే. వారాలపాటు కనిపెట్టుకుని ఉన్నా కొన్ని చచ్చిపోతాయి. కోలుకున్నవాటిని అటవీశాఖ అనుమతితో అడవిలో వదులుతారు. తనను కాపాడినవాడెవరో తెలియని, తెలిసినా కృతజ్ఞత చూపించని, వీలైతే కరిచే ప్రాణికి ఇంత ఉపచారం చేయడానికి ఎంత మనసుండాలి! ఆవుకు సేవ చేస్తే పుణ్యమంటారు, కుక్కకు అన్నం పెడితే తోకాడిస్తుంది. పాముకు సేవ చేస్తే వచ్చేదేమీ లేదు. అందుకే దీన్ని నిష్కామకర్మ అనడానికి మాకు సంకోచం లేదు.

బుట్టల నుంచే కాదు, పాముకు దెబ్బ తగలడానికి నగరంలో వెయ్యి దారులు. జేసీబీ పళ్ళకు చిక్కి నడుం చీరుకున్నవి, ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టకు అతుక్కుపోయినవి, మొక్కలకు కట్టిన నైలాను వలలో సగం దూరి ముందుకూ వెనక్కూ పోలేక పొలుసులు కోసుకున్నవి, ఖాళీ డబ్బాలో తల ఇరికించుకున్నవి. జిగురును వంటనూనెతో ఓపిగ్గా కరిగించాలి, వలను చర్మం తెగకుండా ఒక్కొక్క కన్నూ కత్తిరించాలి. ఈ పనికి చప్పట్లు కొట్టడానికి జనం కూడా ఉండరు. చేపల చెరువుల చుట్టూ మా డెల్టాలో కట్టే వలల్లోనూ నీరుకట్టెలు, జెర్రిపోతులు ఇలాగే చిక్కుకుంటాయి. చచ్చి ఎండిపోయాక తీసి పారేస్తాం. బతికుండగా తీయవచ్చని హైదరాబాదు వాళ్ళు చూపించారు.

ఇంకొక గుణం వీళ్ళను మిగతావాళ్ళ నుంచి వేరు చేస్తుంది. ప్రతి పామునూ పట్టాలని వీళ్ళు ఉబలాటపడరు. తోటలో పోయే పామును పోనివ్వండి, దూరంగా నిలబడి చూస్తుండండి, పిల్లల్నీ కుక్కనీ లోపలికి తీసుకోండి అని ఫోనులోనే ధైర్యం చెప్పి ఊరుకోవడం కూడా రక్షణలో భాగమే. చోటు మార్చిన పాము కొత్త అడవిలో దారీతెన్నూ తెలియక తిరుగుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. కర్ణాటకలోని ఆగుంబెలో రాచనాగులకు రేడియో యంత్రాలు అమర్చి గమనించినవారు, దూరం తీసుకెళ్ళి వదిలినది మామూలుకంటే ఎంతో ఎక్కువ దూరం తిరిగిందని రాశారు. పట్టగలిగి కూడా అక్కర్లేనప్పుడు పట్టకపోవడమే అసలైన విద్య. ఆ వివేకాన్ని బడిపిల్లలకూ, అటవీ సిబ్బందికీ, అడిగినవారందరికీ నేర్పుతూ వస్తున్న సంఘానికీ, ఏళ్ళ తరబడి ప్రధాన కార్యదర్శిగా దాని గొంతును జనంలోకి తీసుకెళ్ళిన అవినాష్ విశ్వనాథన్ గారికీ, పేరు తెలియని ప్రతి స్వచ్ఛంద సేవకుడికీ, సేవకురాలికీ మా సీమ నమస్కారాలు.

పాముల మీద ఇంత ప్రేమ ఒలికిస్తున్నారు, మనుషుల మాటేమిటని గొణిగేవారికి కూడా ఈ పండగ పూటే సమాధానం చెప్పాలి. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయిన ప్రాణాలు సుమారు 12 లక్షలు. ఏడాదికి 58,000. ఎక్కువమంది పల్లెల్లో, వానాకాలంలో, పొలంలోనో ఇంట్లోనో కరిపించుకున్నవాళ్ళు. చావులు అధికంగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల్లో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. పామును చంపబోయి కాటు తిన్నవాళ్ళెందరో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. కర్ర తీయకుండా ఆపిన ప్రతి ఫోనూ ఆ 58,000లో నుంచి కొందరిని వెనక్కి లాగుతోంది. కరిచిందేదో పోల్చుకోవడం, మంత్రగాడి గుమ్మం ఎక్కకుండా ఆసుపత్రికి పరిగెత్తడం, గాటు పెట్టకపోవడం, తాడు బిగించకపోవడం: పాములను తెలిసినవాళ్ళు చెప్పినప్పుడే ఇవి జనం వింటారు.

విరుగుడు మందు కూడా పాము దయే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషంతోనే మన దేశంలో మందు తయారవుతుంది. ఆ విషాన్ని ఎక్కువగా అందిస్తున్నది చెన్నై దగ్గర 1978లో ఇరుళ తెగవారు పెట్టుకున్న సహకార సంఘం. పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోయి కూడు పోయిన పాములవాళ్ళు ప్రాణదాతలయ్యారు. వారిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నాగపంచమి బుట్టలు లాక్కున్నాక ఆ పాములవాడి పొయ్యి ఎలా వెలగాలనే ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇరుళల దారి దానికి ఒక జవాబు. మా పొలాల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదులకు ఏ కన్నంలో ఏముందో తెలుసు. సొర్లగొంది, నాచుగుంట తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గుడ్లకు అటవీశాఖ తరఫున కాపలా కాసిందీ యానాదులే. ఈ చదువును వృథా పోనివ్వకూడదు. రేపు డెల్టాలో పాముల రక్షణ దళమంటూ ఏర్పడితే మొదటి పేర్లు వాళ్ళవే కావాలి. జెర్రిపోతు బతికున్న చేలో ఎలుకకు కంటినిండా నిద్ర ఉండదని వాళ్ళకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మిత్రులారా! మీ ముప్ఫై ఏళ్ళు నూరేళ్ళ పునాది కావాలి. మీ దళం దినదినాభివృద్ధి చెందాలి. ఒక్క సేవకుడికీ ఒక్క గాటు కూడా పడకుండా ఆ సుబ్రహ్మణ్యేశ్వరుడు కాపాడాలి. మీరు వదిలిన ప్రతి ప్రాణీ తన అడవిలో కడుపు నింపుకుని పిల్లాపాపలతో వర్ధిల్లాలి. మీ ఫోను మోగని రోజు రావాలని దీవించలేం, పాములున్నంతకాలం అది మోగుతుంది. మోగిన ప్రతిసారీ అవతలి గొంతులో భయం కంటే నమ్మకం ఎక్కువగా వినబడాలని దీవిస్తాం. వరంగల్లు నుంచి విశాఖ దాకా మీలాంటి బృందాలు పుట్టుకొస్తున్నాయి. ఆ వరసలో బందరు, గుడివాడ, అవనిగడ్డ పేర్లు కూడా త్వరలో చేరతాయని మా ఆశ. ఆశ అని మర్యాదకు అంటున్నాం గానీ, అది జరిగి తీరుతుందనే మా లెక్క.

అందుకని ఈ అభినందనతో పాటు ఒక పిలుపు కూడా పంపుతున్నాం. జ్యేష్ఠంలో, కాలవలకు నీళ్ళు వదలకముందు, సార్వా నారుమడులు పోయకముందు, మీలో ఓ నలుగురు గొట్టాలు, సంచులు పట్టుకుని మొవ్వ రావాలి. వేణుగోపాలస్వామి గుడి ముందు చలవపందిరి వేయిస్తాం. రైతులు, కూలీలు, ఎలుకబుట్టల వాళ్ళు, ఆశా కార్యకర్తలు, హైస్కూలు పిల్లలు వస్తారు. రక్తపింజరకూ కొండచిలువ పిల్లకూ తేడా మాకు నేర్పండి. మా గట్ల మీద ఏది ఎక్కడ పడుకుంటుందో మేం మీకు చెబుతాం. ఎవరింట్లో భోజనమనేది ఊళ్ళో పోటీ పడి తేల్చుకుంటాం. తొక్కుడు లడ్డూల బాధ్యత మాత్రం బందరు వాళ్ళు ఇప్పటికే ఒప్పుకున్నారు.